సాగుభూముల్లో కంపెనీల పెట్టుబడి, మూలవాసుల భూమి: తరచుగా అడిగే ప్రశ్నలు

భూమి మీదికి కంపెనీ వస్తోందని తెలిసిన ఊళ్లతో పనిచేసే కార్యకర్తల కోసం, విలేకరుల కోసం, విద్యార్థుల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు రాశాం. తమ పొదుపు సొమ్ము ఎక్కడ తేలుతోందో తెలుసుకోవాలనుకునే ఉద్యోగులకూ ఇవి పనికొస్తాయి. దేశానికో చట్టం ఉంది కాబట్టి ఏ మాట ఏ దేశానిదో అక్కడే చెప్పాం.

సాగుభూమిలో పెట్టుబడి పెట్టేది ఎవరు?

ముఖ్యంగా రెండు రకాలవాళ్లు. తామే సాగు చేసే కంపెనీలు మొదటి రకం. పామాయిల్, రబ్బరు, చెరకు తోటలవాళ్లు ఎక్కువగా ఈ కోవలోకి వస్తారు. వీళ్లు సాధారణంగా ప్రభుత్వం నుంచి 30 నుంచి 99 ఏళ్లకు భూమిని లీజుకు తీసుకుంటారు. రెండో రకం భూమిని ఆస్తిగా కొని పెట్టుకునేవాళ్లు: పెన్షన్ ఫండ్లు, బీమా సంస్థలు, విశ్వవిద్యాలయాల నిధులు. దుక్కి, విత్తనం వాళ్ల పని కాదు. భూమి కొని పెద్ద రైతుకో సాగు కంపెనీకో కౌలుకిస్తారు. అమెరికాలో ఉపాధ్యాయుల పింఛను సొమ్మును నిర్వహించే టీఐఏఏ, హార్వర్డ్ విశ్వవిద్యాలయ నిధి బ్రెజిల్‌లో భూములు కొన్నది ఇలాగే.

2007–08లో ఆహార ధరలు పెరిగినప్పుడు ఈ వేట జోరందుకుంది. 2009లో ఒక్క ఏడాది లోపే సుమారు 5.6 కోట్ల హెక్టార్ల ఒప్పందాలు ప్రకటించారని, అందులో 70 శాతానికి పైగా ఆఫ్రికాలోనేనని ప్రపంచ బ్యాంకు లెక్క తేల్చింది. నిజంగా సాగు మొదలైంది వాటిలో ఐదో వంతు ఒప్పందాల్లోనే. అంటే పంట రాకముందే, చాలాచోట్ల పంట అసలు రాకుండానే, భూమి మాత్రం చేతులు మారిపోయింది.

వాళ్లకు లాభం ఎక్కడి నుంచి వస్తుంది?

కౌలు నుంచి కొంత వస్తుంది, భూమి ధర పెరుగుదల నుంచి అంతకంటే ఎక్కువ వస్తుంది. చెట్టూ చేమా ఉన్న నేలను చవగ్గా కొని, నరికి, చదును చేసి, సోయా పండే పొలంగా మార్చి అమ్మితే మధ్యలో ధర అనేక రెట్లు పెరుగుతుంది. బ్రెజిల్ సెరాడో గడ్డిమైదానాల్లో నేల ఆమ్లగుణం ఎక్కువ, భాస్వరం తక్కువ. సున్నపుపొడి, ఫాస్ఫేటు వేసి కొన్నేళ్లు సాగు చేస్తేగానీ అది సోయా పొలం కాదు. ఆ మార్పుకే ధర పలుకుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మనుషులు బతుకుతున్నా పట్టా లేని భూమే మార్కెట్లో అన్నిటికంటే చవక. కాబట్టి మూలవాసుల భూమి వైపు పెట్టుబడి వెళ్లడం యాదృచ్ఛికం కాదు, లెక్క చూసుకునే వెళ్తుంది.

అవి ఖాళీ భూములు, బీళ్లు అంటారు కదా?

గొడవంతా మొదలయ్యేది ఈ మాటతోనే. పోడు సాగు లెక్క ఒకసారి వేసి చూడండి. ఒక కుటుంబం ఏటా ఒక హెక్టారు కొత్తగా కొట్టి, రెండేళ్లు పంట తీసి, పదేళ్లు విశ్రాంతికి వదిలేస్తుందనుకుందాం. ఆ కుటుంబానికి కావాల్సింది 12 హెక్టార్లు. ఏ రోజు వెళ్లి చూసినా పంట కనిపించేది రెండు హెక్టార్లలోనే. మిగతా పది హెక్టార్లూ అడవిలానో, పొదల్లానో కనిపిస్తాయి. సర్వేకు వచ్చినవాళ్లు రెండు హెక్టార్లకు పరిహారం రాసి, పదింటిని ఖాళీ కింద వేస్తారు.

తర్వాత జరిగేది ఇంకా ఘోరం. ఆ పది హెక్టార్లలో ఏడు పోయాయనుకోండి. మిగిలింది ఐదు. ఏటా ఒక హెక్టారు కొట్టి రెండేళ్లు పంట తీయాలంటే విశ్రాంతికి మూడేళ్లే దొరుకుతాయి. మూడేళ్లలో నేల కోలుకోదు, కలుపు మొక్కల్ని అణచేంత నీడా పెరగదు. దిగుబడి పడిపోతుంది. అప్పుడు అధికారులు వచ్చి, పోడు వల్లే నేల పాడైందని రాసుకుపోతారు.

పోడు లేనిచోటా ఇదే వరస. సెరాడోలో ఊళ్లు లోయల్లో ఉంటాయి, పైన విశాలమైన పీఠభూములుంటాయి. పశువుల మేత, అడవి పళ్లు, వేట, మందుమొక్కలు అన్నీ పైనే. ఇళ్లు లేవు కాబట్టి పీఠభూమిని ఖాళీ కింద లెక్కగట్టారు. ఇండోనేషియా పపువాలో మెరౌకే ప్రాంతపు మారింద్ ప్రజలకు తిండి పెట్టేది సాగో చెట్ల తోపులు. సాగో దుంగలోంచి పిండి తీస్తారు. దున్నిన చాళ్లు కనిపించవు కాబట్టి 2010లో అక్కడ భారీ ఆహార పథకం ప్రకటించినప్పుడు ఆ తోపులు ఎవరి లెక్కలోకీ రాలేదు. 2024 నుంచి వరి, చెరకు పేరుతో మళ్లీ అదే నేల మీదికి యంత్రాలు వెళ్తున్నాయి.

భూమి చేతులు మారేది ఏ దారిలో?

దేశాన్ని బట్టి దారి మారుతుంది. తరచుగా ఎదురయ్యేవి ఇవి.

బ్రెజిల్‌లో మొదటి కాగితం స్థానిక దళారీ పుట్టిస్తాడు. ఎవరి పేరా లేని ప్రభుత్వ భూమికి దొంగ దస్తావేజు తయారవుతుంది, స్థానిక రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదవుతుంది, కంచె పడుతుంది. తర్వాత రెండు మూడు సార్లు అమ్మకాలు జరుగుతాయి. ప్రతి అమ్మకంతో కాగితం శుభ్రపడుతుంది. చివర్లో కొనే ఫండ్ చేతికి వరుసగా రిజిస్టరైన దస్తావేజులు అందుతాయి. విదేశీయుల చేతిలో ఒక మునిసిపాలిటీ విస్తీర్ణంలో నాలుగో వంతుకు మించి భూమి ఉండకూడదని అక్కడి 1971 నాటి 5,709 నంబరు చట్టం చెబుతుంది. విదేశీ పెత్తనం కింద ఉన్న బ్రెజిల్ కంపెనీలకూ అది వర్తిస్తుందని 2010లో ప్రభుత్వ న్యాయవిభాగం తేల్చింది. ఆ తర్వాత మెజారిటీ వాటా స్థానిక భాగస్వామి పేరిట చూపించి, అసలు సొమ్మును అప్పుపత్రాల రూపంలో పంపే ఏర్పాట్లు పెరిగాయి.

పాపువా న్యూ గినీలో 97 శాతం భూమి వంశాలవారీ ఉమ్మడి భూమి, అమ్మడానికి వీల్లేదు. దానికి చుట్టుదారి కనిపెట్టారు. ముందు ప్రభుత్వం ఆ భూమిని వంశాల నుంచి లీజుకు తీసుకుంటుంది, తర్వాత అదే భూమిని కంపెనీకి 99 ఏళ్ల దాకా తిరిగి లీజుకిస్తుంది. లీజు ఉన్నంతకాలం ఉమ్మడి హక్కులు ఆగిపోతాయి. ఈ పద్ధతిలో 50 లక్షల హెక్టార్లకు పైగా వెళ్లిపోయాయి. 2011లో వేసిన విచారణ సంఘం చాలా లీజుల్లో నిజమైన సమ్మతే లేదని తేల్చింది.

ఇథియోపియాలో భూమి ప్రభుత్వానిదే, కాబట్టి సంతకం ప్రభుత్వం ఒక్కటే పెడుతుంది. గంబేలాలో బెంగళూరుకు చెందిన కరుటూరి గ్లోబల్‌కు 2010లో లక్ష హెక్టార్లు 50 ఏళ్లకు ఇచ్చారు. కౌలు హెక్టారుకు ఏడాదికి 20 బిర్ (ఇథియోపియా డబ్బు). బాగా చేస్తే మరో రెండు లక్షల హెక్టార్లు ఇస్తామన్నారు. అన్వాక్, నువేర్ ప్రజల నేల అది.

కంపెనీ చట్టబద్ధంగానే కొన్నామంటోంది. ఇక చేసేదేముంటుంది?

కొన్నవాడి నిజాయితీ వేరు, భూమి మీద హక్కు వేరు. బ్రెజిల్ 1988 రాజ్యాంగం 231వ అధికరణం మూలవాసుల హక్కును మొదటి నుంచీ ఉన్న హక్కుగా గుర్తించింది. వాళ్ల భూమి మీద పుట్టిన ప్రైవేటు దస్తావేజులు చెల్లవని అదే అధికరణం చెబుతుంది. 1988 అక్టోబరు నాటికి భూమి మీద ఉన్నవాళ్లకే హక్కు అనే వాదనను అక్కడి సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో 9–2 మెజారిటీతో కొట్టేసింది. అదే ఏడాది చివర్లో బ్రెజిల్ పార్లమెంటు ఆ వాదననే 14,701 నంబరు చట్టంగా తెచ్చింది. పోరాటం ఇంకా సాగుతోంది.

పరాగ్వేలో సాహోయమాక్సా అనే మూలవాసుల సమాజం భూమి ఒక జర్మన్ పెట్టుబడిదారు చేతిలో ఉండేది. జర్మనీతో పెట్టుబడుల రక్షణ ఒప్పందం ఉంది కాబట్టి ఆ భూమిని తీసుకోలేమని ప్రభుత్వం వాదించింది. వాణిజ్య ఒప్పందాన్ని సాకుగా చూపి మూలవాసుల హక్కును కాదనడం కుదరదని అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు 2006లో స్పష్టం చేసింది. చివరికి 2014లో 14,404 హెక్టార్లను స్వాధీనం చేసుకుని సమాజానికి ఇచ్చేలా పరాగ్వే చట్టం చేసింది. ఎనిమిదేళ్లు పట్టింది. ఆ కాలంలో ఎక్కువ భాగం జనం హైవే పక్కనే గుడిసెల్లో బతికారు.

ముందస్తు సమ్మతి అంటే ఏమిటి? కంపెనీకి అది తప్పనిసరా?

బెదిరింపు లేకుండా, పని మొదలుకాకముందే, పూర్తి విషయం తెలిసి ఇచ్చే అంగీకారం. వద్దని చెప్పే హక్కూ అందులో భాగమే. ఐక్యరాజ్యసమితి 2007 సెప్టెంబరు 13న ఆమోదించిన మూలవాసుల హక్కుల ప్రకటనలో 10, 28, 32 అధికరణాలు దీని గురించే. ఆ ప్రకటనకు అనుకూలంగా 144 దేశాలు ఓటేశాయి. అది నేరుగా కోర్టులో అమలయ్యే చట్టం మాత్రం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1989 నాటి 169వ ఒప్పందం, దాన్ని ఆమోదించిన దేశాలకు చట్టమే. బ్రెజిల్, పరాగ్వే ఆ జాబితాలో ఉన్నాయి, ఇండోనేషియా లేదు. ఫిలిప్పీన్స్‌లో 1997 నాటి సొంత చట్టమే సమ్మతిని తప్పనిసరి చేసింది.

ఇంకో దారి డబ్బు దారి. ప్రపంచ బ్యాంకు గ్రూపులో ప్రైవేటు కంపెనీలకు సొమ్మిచ్చే ఐఎఫ్‌సీ సొమ్ము ఉన్న ప్రాజెక్టుకు 2012 నాటి ఏడో పనితీరు ప్రమాణం ప్రకారం ఉమ్మడి భూమి మీద ప్రభావం పడితే, లేదా జనాన్ని తరలించాల్సి వస్తే, సమ్మతి కావాల్సిందే. పామాయిల్ కంపెనీ ఆర్‌ఎస్‌పీఓ (పామాయిల్ సాగుకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ వేదిక) సభ్యురాలైతే అక్కడా అదే షరతు. కొత్త తోట వేసేముందు పత్రాలు బయటపెట్టి 30 రోజులు అభ్యంతరాలకు గడువివ్వాలి. ఆ ముప్పై రోజులు గడిచిపోయాక తెలుసుకునే ఊళ్లే ఎక్కువ. కంపెనీ సభ్యురాలని తెలిసిన రోజు నుంచే ఆ ప్రకటనల పేజీని వారానికోసారి ఎవరో ఒకరు చూస్తుండాలి.

సమ్మతి ఎక్కడెక్కడ చెడుతుంది?

హాజరు పట్టీ దగ్గర. సమావేశానికి వచ్చినవాళ్ల సంతకాలు తీసుకుంటారు. ఆ పుట తర్వాత అంగీకార పత్రానికి వెనక జతవుతుంది. దీనికి మందు సులువే. సంతకాలు పెట్టే ప్రతి పుట పైన తేదీ, చోటు, ‘ఇది హాజరు మాత్రమే, అంగీకారం కాదు’ అన్న వాక్యం ఊరివాళ్లే తమ చేత్తో రాయాలి. పైన ఖాళీ వదిలిన కాగితం మీద వేలిముద్ర వేయకూడదు. ప్రతి పుటనూ అక్కడికక్కడే ఫోటో తీసుకోవాలి.

ఎవరు సంతకం పెట్టారన్న దగ్గర కూడా చెడుతుంది. ప్రభుత్వం నియమించిన పెద్ద, ఊరి ఆచారం గుర్తించే పెద్ద చాలాచోట్ల ఒకరు కాదు. కంపెనీకి మొదటివాడు సులువుగా దొరుకుతాడు. కొన్నిచోట్ల జీతం ఇచ్చి ఊళ్లోంచే కొందరిని సమన్వయకర్తలుగా పెట్టుకుంటారు. ఆ రోజు నుంచి ఊరు రెండుగా చీలుతుంది. భూమి గురించి ఊరి తరఫున మాట్లాడాల్సింది ఎవరు, ఎందరు ఒప్పుకుంటే నిర్ణయమైనట్టు, ఆడవాళ్ల మాట ఎలా వినాలి అన్నవి కంపెనీ గడప తొక్కకముందే తీర్మానంగా రాసుకున్న ఊళ్లు చాలా నయం. అడవి సరుకు, నీళ్లు, విత్తనం చూసేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లు లేని సమావేశంలో ఆ నష్టాలు ఎవరి నోటా రావు.

భాష దగ్గర కూడా చెడుతుంది. ఒప్పందం ఒక భాషలో, వివరణ ఇంకో భాషలో, అనువదించేవాడు కంపెనీ మనిషి. బడి కట్టిస్తాం, రోడ్డు వేస్తాం అన్న మాటలు వివరణలోనే ఉంటాయి, ఒప్పందంలో కనిపించవు. చెప్పిందంతా రాతలో లేకపోతే చెప్పనట్టే లెక్క.

వేళ కూడా చూడాలి. విత్తే రోజుల్లో, పండుగ రోజుల్లో, వేటకు వెళ్లే కాలంలో పెట్టిన సమావేశాన్ని వాయిదా వేయమని అడగడానికి ఊరికి పూర్తి హక్కుంది.

ఒప్పందం చేతికొస్తే ముందు ఏ పుటలు చూడాలి?

విస్తీర్ణం, హద్దులు మొదట. హెక్టార్ల అంకె, అక్షాంశ రేఖాంశాలతో పటం రెండూ ఉండాలి, రెండూ సరిపోవాలి. కొలిపించుకోండి. ‘సుమారు’ అన్న మాట ఉంటే ఆ పుట దగ్గరే ఆగండి.

తర్వాత కాలపరిమితి, పొడిగింపు. పొడిగింపు కంపెనీ ఇష్టమని ఉంటే 35 ఏళ్లు కాస్తా 60 అవుతాయి. లైబీరియాలో 2009లో మలేషియా కంపెనీ సైమ్ డార్బీకి 2,20,000 హెక్టార్లు 63 ఏళ్లకిచ్చారు. సంతకం నాటి పిల్లలకు మనవలు పుట్టేదాకా అన్నమాట.

మూడోది, గడువు ముగిశాక భూమి ఎవరికి వెళ్తుందన్నది. దీన్ని దాదాపు ఎవరూ అడగరు. ఇండోనేషియాలో కంపెనీకి సాగు హక్కు ఇవ్వాలంటే ఊరు ముందుగా ఉమ్మడి హక్కు వదులుకోవాలి. గడువు ముగిశాక భూమి వెళ్లేది ప్రభుత్వానికి, ఊరికి కాదు. కౌలుకిచ్చామనుకున్నవాళ్లు నిజానికి శాశ్వతంగా వదులుకున్నారు. అన్ని షరతుల్లోకీ ఇదే ప్రమాదకరమైనదని మా అభిప్రాయం.

తాకట్టు, బదలాయింపు కూడా చూడండి. లీజును బ్యాంకులో తాకట్టు పెట్టే హక్కు ఇస్తే, కంపెనీ దివాలా తీసినప్పుడు భూమి బ్యాంకు చేతికి పోతుంది. ఊరి అనుమతి లేకుండా లీజును మరొకరికి అమ్మకూడదని స్పష్టంగా రాయించాలి. కౌలు ధరను ఎన్నేళ్లకోసారి, దేని ఆధారంగా పెంచుతారో ఉండాలి. స్థిరమైన అంకె ఉంటే ఇరవై ఏళ్లలో ధరల పెరుగుదల దాన్ని మింగేస్తుంది. చట్టాలు మారినా కంపెనీకి వర్తించవనే స్థిరీకరణ షరతు ప్రభుత్వ ఒప్పందాల్లో కనిపిస్తుంది. అది ఉంటే రేపు మంచి భూచట్టం వచ్చినా ఆ నేలకు అందదు.

ఉద్యోగాలొస్తాయి కదా?

ఏ పంట అన్నదాన్ని బట్టి. పామాయిల్ తోటలో సుమారు మూడు హెక్టార్లకు ఒకరికి పని దొరుకుతుంది. యంత్రాలతో సాగే సోయాలో వంద హెక్టార్లకు సుమారు ఇద్దరికే, వాళ్లూ ఎక్కువగా బయటి నుంచి వచ్చే ట్రాక్టరు డ్రైవర్లు. నరికి చదునుచేసే మొదటి రెండేళ్లలో కూలి పని బాగా దొరుకుతుంది, ఊరు ఒప్పుకునేదీ అప్పుడే. తర్వాత తగ్గిపోతుంది. కాబట్టి ‘ఎన్ని ఉద్యోగాలు’ అని కాకుండా, ‘ఐదో ఏట, పదో ఏట, ఊరివాళ్లకు, శాశ్వతంగా ఎన్ని’ అని అడిగి రాతలో తీసుకోవాలి.

ఇండోనేషియాలో తోట విస్తీర్ణంలో 20 శాతానికి సమానమైన తోటను చుట్టుపక్కల జనానికి వేసివ్వాలన్నది నిబంధన. చాలా కంపెనీలు ఇవ్వలేదు. ఇచ్చినచోట మొక్కల ఖర్చు అప్పుగా రాసి, ఏళ్ల తరబడి పళ్ల డబ్బులోంచి కోసుకుంటారు. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఏటా ఎంత తీరింది అన్న లెక్క రాతపూర్వకంగా ఏడాదికోసారి తీసుకోవాలి.

నీళ్లు, పురుగుమందుల సంగతి?

సెరాడో పీఠభూమి మీది సహజ చెట్ల వేళ్లు చాలా లోతుకు వెళ్తాయి, వాననీటిని కిందికి దింపుతాయి. వాటిని తీసి సోయా వేసి, పైన బోర్లతో నీళ్లు తోడితే లోయలో ఊటలు ఎండుతాయి. పైన చల్లిన మందు వానతో కిందికొస్తుంది, విమానంతో చల్లితే గాలితో వస్తుంది. పీట్ నేలల్లో (సగం కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడ్డ తడి నేలలు) పామాయిల్ వేయాలంటే కాలువలు తవ్వి నీరు తీసేస్తారు. నేల కుంగుతుంది, ఎండిన పీట్‌కు నిప్పంటుకుంటే నెలల తరబడి కాలుతుంది.

సాక్ష్యం ముందుగా పోగు చేసుకోవాలి. తోట రాకముందే ప్రతి ఊట, వాగు నీటిమట్టం నెలకోసారి ఒకే చోట, ఒకే కర్రతో కొలిచి రాసుకుంటే, తర్వాత ‘ముందూ ఇలాగే ఉండేది’ అన్న కంపెనీ వాదన నిలబడదు. మందు చల్లిన రోజు, వేళ, గాలి దిక్కు, ఎవరికి ఏ లక్షణం వచ్చిందో అదే రోజు రాయాలి. చచ్చిన చేపల ఫోటో తీస్తే పక్కన కొలతకు ఏదో ఒకటి పెట్టండి.

పచ్చదనం పేరుతోనూ భూమి పోతుందా?

పోతుంది. బ్రెజిల్ 2012 అడవి నియమావళి ప్రకారం ప్రతి పొలంలో కొంత భాగం సహజ వృక్షాలతో వదిలేయాలి. అమెజాన్ అడవిలో 80 శాతం, చట్టప్రకారం అమెజాన్‌గా గుర్తించిన ప్రాంతంలోని సెరాడోలో 35 శాతం, మిగతా సెరాడోలో 20 శాతం. పీఠభూమి మొత్తం నరికేసిన పొలం యజమానులు, ఊళ్లున్న లోయనే తమ రక్షిత భాగంగా పర్యావరణ రిజిస్టరులో నమోదు చేస్తారు. ఆ నమోదు యజమాని స్వయంగా చెప్పుకునేదే, తనిఖీ ఆలస్యంగా జరుగుతుంది. దాంతో పైన మేత పోయినవాళ్లకు కింద కట్టెలు కొట్టుకోవడమూ నేరమవుతుంది. మీ ఊరి మీద ఇలాంటి నమోదు ఉందో లేదో ఆ రిజిస్టరు పటంలో చూడవచ్చు, అందరికీ తెరిచే ఉంటుంది.

ఊరి పటం ఎలా గీయాలి?

ముందు కాగితం మీద చేత్తో. వాగులు, గుట్టలు, సమాధులు, పవిత్ర స్థలాలు, పాత ఊళ్ల జాగాలు, విశ్రాంతిలో ఉన్న పోడు, మేత, తేనె చెట్లు అన్నీ పెద్దవాళ్లు చెబుతుండగా గుర్తించాలి. వానాకాలం వాడకం ఒకటి, ఎండాకాలం వాడకం ఒకటి విడివిడిగా గీయాలి. ఆ తర్వాతే జీపీఎస్‌తో నడక. మామూలు ఫోన్ తేడా తెరిపి ప్రదేశంలో ఐదు మీటర్ల దాకా ఉంటుంది, దట్టమైన చెట్ల కింద ఇంకా పెరుగుతుంది. ప్రతి హద్దు దగ్గర రెండు నిమిషాలు నిలబడి గుర్తు పెట్టాలి.

పొరుగు ఊళ్లతో కలిసి నడవడం తప్పనిసరి. హద్దు తగాదా ఉంటే ఇద్దరి మధ్యా ముందే తేల్చుకుని సంతకాలు చేసుకోవాలి. ఆ తగాదానే కంపెనీ వాడుకుంటుంది, ‘నిజమైన యజమాని వాళ్లు’ అని ఒక ఊరితో ఒప్పందం చేసుకుంటుంది.

పాత ఉపగ్రహ చిత్రాలు గొప్ప సాక్ష్యం. లాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచీ ఉన్నాయి, 1980ల నుంచి 30 మీటర్ల స్పష్టతతో దొరుకుతాయి. సెంటినెల్–2 చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో సుమారు ఐదు రోజులకోసారి వస్తాయి. రెండూ ఉచితం. కంపెనీ రాకముందు ఏళ్లలో పోడు మచ్చలు చోటు మారుతూ కనిపిస్తే, ‘ఇక్కడ ఎవరూ లేరు’ అన్న మాటకు అదే జవాబు. పటాన్ని కనీసం మూడు చోట్ల దాచండి. పవిత్ర స్థలాల చోటు మాత్రం బయటికిచ్చే ప్రతిలో చూపించాలో లేదో ఊరే నిర్ణయించాలి.

ఎవరి వాటా వాళ్లు పట్టా చేయించుకుంటే మంచిది కాదా?

విడి పట్టా వేగంగా వస్తుంది, అంతే వేగంగా అమ్ముడవుతుంది. కాంబోడియా 2001 భూచట్టం మూలవాసులకు ఉమ్మడి పట్టా ఇస్తుంది. అయితే మూడు మెట్లున్నాయి: గ్రామీణాభివృద్ధి శాఖ గుర్తింపు, హోం శాఖ దగ్గర సమాజం నమోదు, భూమి శాఖ కొలత, పట్టా. ఏళ్లు పడుతుంది. 2012లో విద్యార్థి వాలంటీర్లను పంపి అక్కడి ప్రభుత్వం విడి పట్టాలు పంచింది. చాలా కుటుంబాలు ఉమ్మడి దారి వదిలి వాటిని తీసుకున్నాయి. ఇంటి చుట్టూ ఉన్న పొలానికి పట్టా వచ్చింది, పోడు, అడవి మాత్రం పట్టా బయటే ఉండిపోయాయి. ఉమ్మడి పట్టా వచ్చేదాకా ఆగడం కష్టమే, కానీ ఆగాలి. అవసరమైన కుటుంబానికి ఊరే అప్పిచ్చే ఏర్పాటుంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది.

వెనక డబ్బు ఎవరిదో ఎలా కనుక్కోవాలి?

నేల మీద నుంచే మొదలుపెట్టండి. బోర్డులు, లారీల మీది పేర్లు, బస్తాల మీది ముద్రలు, కూలి చీటీల మీది కంపెనీ పేరు. ఆ పేరుతో కంపెనీల రిజిస్టరులో డైరెక్టర్లు, వాటాదారుల వివరాలు తీయించాలి. ఒకే చిరునామాలో ఐదారు కంపెనీలు కనిపిస్తే భూపరిమితి దాటడానికి ముక్కలు చేశారని అనుమానించవచ్చు. కాంబోడియాలో ఒక్కరికి 10,000 హెక్టార్లకు మించి ఇవ్వకూడదు, అందుకే అక్కడ ఈ ముక్కలు ఎక్కువ. మాతృసంస్థ షేర్ మార్కెట్లో ఉంటే వార్షిక నివేదికలో అనుబంధ కంపెనీల పేర్లు, అప్పిచ్చిన బ్యాంకులు, పెద్ద వాటాదారులు ఉంటారు. పైకి వెళ్లినకొద్దీ బ్యాంకు, ఫండ్, సరుకు కొనేవాడు అని మూడు దారులు చీలుతాయి. మూడూ రాసుకోండి. ఒకటి మూసుకుపోయినా ఇంకొకటి తెరుచుకుంటుంది.

కొనేవాడి దారి కొన్నిసార్లు అన్నిటికంటే త్వరగా పనిచేస్తుంది. బ్రెజిల్‌లో గ్వారానీ–కైయోవా మూలవాసుల భూముల్లో పండిన చెరకును కొనబోమని 2012లో షెల్ భాగస్వామిగా ఉన్న రైజెన్ కంపెనీ ఒప్పుకుంది.

ఫిర్యాదు ఎక్కడ చేయవచ్చు?

సొంత దేశపు కోర్టు, భూమి శాఖ ఎలాగూ ఉన్నాయి. వాటితోపాటు:

ఐఎఫ్‌సీ సొమ్ము ఉంటే సీఏఓ అనే దాని ఫిర్యాదుల విభాగం. 1999 నుంచి ఉంది. లాయరు అక్కర్లేదు, ఏ భాషలోనైనా రాయవచ్చు, పేర్లు గోప్యంగా ఉంచమని అడగవచ్చు. చూసేది మూడే: ప్రాజెక్టులో ఐఎఫ్‌సీ సొమ్ము ఉందా, సమస్య పర్యావరణానికో సమాజానికో సంబంధించినదా, రాసినవాళ్లు నష్టపోయే అవకాశం ఉందా. సొమ్ము నేరుగా వెళ్లాల్సిన పనీ లేదు. కాంబోడియా రతనకిరిలోని ఊళ్లు 2014లో వియత్నాం రబ్బరు కంపెనీ మీద ఫిర్యాదు చేసింది, ఐఎఫ్‌సీ పెట్టుబడి ఉన్న ఒక ఫండ్ ద్వారా సొమ్ము ఆ కంపెనీకి చేరిందన్న ఆధారంతోనే.

కంపెనీ లేదా బ్యాంకు ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) కంపెనీల కోసం రాసిన మార్గదర్శకాలు ఒప్పుకున్న దేశానిదైతే, ఆ దేశపు జాతీయ సంప్రదింపు కేంద్రం. ఆదేశాలివ్వలేదు, మధ్యవర్తిత్వం చేసి ప్రకటన వెలువరిస్తుంది. అయినా దాన్ని తక్కువ అంచనా వేయకండి. కాంబోడియాలో చెరకు తోట కోసం భూమి పోగొట్టుకున్న రైతు కుటుంబాలు ఆస్ట్రేలియా కేంద్రానికి 2014లో ఫిర్యాదు చేశాయి. తోటకు అప్పిచ్చిన ఏఎన్‌జెడ్ బ్యాంకు ఆ అప్పు మీద వచ్చిన స్థూల లాభాన్ని వాళ్లకు ఇవ్వడానికి 2020లో ఒప్పుకుంది. వాళ్లు మూలవాసులు కాకపోయినా దారి అందరికీ అదే.

ఆర్‌ఎస్‌పీఓ ఫిర్యాదు విభాగం తోట పని ఆపమని చెప్పగలదు. బలహీనత ఏమిటంటే కంపెనీ సభ్యత్వం వదిలేస్తే దాని చేయి అక్కడితో ఆగిపోతుంది.

ఫిర్యాదుల్లో ఎక్కువ తిరిగొచ్చేది ఆధారాలు లేక కాదు, అడిగింది స్పష్టంగా లేక. ‘న్యాయం కావాలి’ అని రాయకండి. ‘ఈ పటంలోని 340 హెక్టార్లు తిరిగి ఇవ్వాలి, సమాధుల చుట్టూ 200 మీటర్లు వదలాలి, పరిష్కారమయ్యేదాకా నరకడం ఆపాలి’ అన్న తీరులో రాయండి.

యూరప్ కొత్త నిబంధన ఉపయోగపడుతుందా?

కొంతవరకు. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన సోయా, పామాయిల్, రబ్బరు, కాఫీ, కోకో, పశువులు, కలప యూరప్‌లో అమ్మకూడదని 2023 నాటి నిబంధన చెబుతోంది. పండిన దేశపు భూహక్కుల చట్టాల్నీ పాటించి ఉండాలి. పొలం అక్షాంశ రేఖాంశాలు ఇవ్వాలి. అమలు రెండుసార్లు వాయిదా పడింది. పెద్ద లోటు మరొకటుంది: అడవి నిర్వచనం చెట్ల ఎత్తు, నీడల మీద ఆధారపడింది కాబట్టి సెరాడో గడ్డిమైదానంలో చాలా భాగం దాని బయటే ఉంది. అమెజాన్‌లో కొత్తగా నరికిన నేలలో పండిన సోయా కొనబోమని వ్యాపార కంపెనీలు 2006లో చేసుకున్న ఒప్పందమూ సెరాడోను బయటే వదిలేసింది. ఒకచోట తలుపు మూస్తే పెట్టుబడి పక్క నేల మీదికి వెళ్తుందనడానికి ఇంతకంటే రుజువక్కర్లేదు.

ఎదిరించేవాళ్ల భద్రత?

ఒక్క మనిషి పేరు మీద ఫిర్యాదు నడపకండి. ప్రతినిధులు మారుతూ ఉండాలి. పత్రాల ప్రతులు ఊరి బయట నమ్మకమైనవాళ్ల దగ్గర ఉండాలి. ఫోన్లలో సమావేశాల ఫోటోలు, పేర్ల జాబితాలు ఉంచుకోకండి. బెదిరింపు వచ్చిన ప్రతిసారీ తేదీ, మాటలు, సాక్షులతో రాసి అదే రోజు బయటికి పంపండి.

కంపెనీ వెళ్లిపోతే భూమి తిరిగి వస్తుందా?

దానంతటదే రాదు. గంబేలాలో కరుటూరికి ఇస్తామని ఒప్పుకున్న భూమిలో కొంచెమే సాగైంది. 2015 చివర్లో ప్రభుత్వం ఒప్పందం రద్దు చేసింది, భూమి వెళ్లింది ప్రభుత్వ ఖాతాకే. లైబీరియాలో సైమ్ డార్బీ తోటను మరొకరికి అమ్మి వెళ్లిపోయింది, లీజు మాత్రం అలాగే ఉంది.

అందుకే కంపెనీ తడబడుతోందని తెలిసిన వెంటనే, వెళ్లిపోకముందే, ఊరు నాలుగు పనులు చేయాలి. లీజు రద్దయితే భూమిని ఉమ్మడి పట్టా కింద తమకే రాయాలని భూమి శాఖకు దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోవాలి. లీజు బ్యాంకులో తాకట్టులో ఉందో లేదో చూసి, ఉంటే బ్యాంకుకు తమ హక్కు గురించి రాయాలి. బాకీ ఉన్న కౌలు, కూలీల లెక్క కట్టాలి, దివాలా ప్రక్రియ మొదలైతే గడువులోగా ఆ లెక్కను దాఖలు చేయాలి. మందుల డబ్బాలు, డీజిలు ట్యాంకులు ఎక్కడున్నాయో ఫోటోలతో జాబితా రాసి, తొలగించే ఖర్చు కంపెనీదేనని నోటీసు ఇవ్వాలి. నీరు తీసిన కాలువలుంటే వాటిని మూయడానికి అయ్యే ఖర్చును కూడా అదే నోటీసులో చేర్చండి.